నూట ఎనభై ఎనిమిదో మీటరు

సాబియేకి పదిహేడేళ్ళు నిండాయి గానీ నలుగురిలో నోరు విప్పడం ఇంకా అలవాటు కాలేదు. బడిలో పంతులమ్మ పేరు పెట్టి పిలిస్తే జవాబు తెలిసి కూడా లేచి నిలబడి, బల్ల అంచు గోటితో గీకి, మళ్ళీ కూర్చునేది. అందుకే ఈ వేసవి సెలవుల్లో రాళ్ళ షెడ్డులో పని దొరికినప్పుడు మేనత్త శెఫికా నవ్వింది.

"నీకు తగిన కొలువేనే తల్లీ. రాళ్ళు ప్రశ్నలడగవు."

రుదినా ఊరికి పైన, పదకొండేళ్ళ కింద మూసేసిన సీసం గని వాకిలి పక్కన, పాత లాంతర్ల గది ఉంది. కొండలో మళ్ళీ సీసం వెతకడానికి వచ్చిన కంపెనీ వాళ్ళు దాన్నే అద్దెకు తీసుకుని రాళ్ళ షెడ్డు చేశారు. కొండ మీద బోరు యంత్రం భూమిలోంచి రాతిని గుండ్రటి కడ్డీలుగా కోసి పైకి తీస్తుంది. ఆ కడ్డీలను పొడవాటి చెక్కపెట్టెల్లో, గాడికి ఒక మీటరు, పెట్టెకి నాలుగు మీటర్ల చొప్పున సర్ది షెడ్డుకి పంపుతారు. ఇక్కడ అత్త ఒక్కో మీటరునీ, ముక్క తరవాత ముక్కగా, రంపం మీద నిలువునా రెండుగా చీలుస్తుంది. ఒక చీలిక తిరిగి తన గాడిలోకి పోవాలి. రెండోది గుడ్డసంచిలోకి పోవాలి. ఆ సంచికి మీటరు నంబరు చీటీ కట్టి ల్యాబుకి పంపుతారు. గాడిలో సర్దడం, సంచి కట్టడం, చీటీ రాయడం సాబియే పని.

"ముందు గాడి, తరవాత సంచి," అని మొదటి రోజే చెప్పింది కంపెనీ ఇంజనీరు కలీనా. "మిగతావన్నీ మర్చిపోయినా ఫరవాలేదు. ఇది మాత్రం మర్చిపోవద్దు."

సాబియే తలూపింది. తలూపడం ఆమెకి బాగా వచ్చు.

ఇంట్లో ఉండేది అత్తా తనూ ఇద్దరే. అమ్మ ప్లొవ్‌దివ్ పట్నంలో వేరే కాపురం పెట్టుకుంది, పండగలకి ఒక కార్డు వస్తుంది. నాన్న సెఫెర్ ఐర్లండ్‌లో జింకు గనిలో ఉంటాడు. అంతకుముందు రెండేళ్ళు పోర్చుగల్‌లో రాగి గని. దానికి ముందు ఇదే కొండ, ఇదే వాకిలి.

పోయిన ఏడాది భూగోళం పంతులమ్మ ఒక పట్టిక ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఐరోపాలో ఏ దేశం ఎంత సీసం, ఎంత జింకు, ఎంత రాగి తీసిందో గీతలుగా గీసుకు రమ్మంది. పిల్లలంతా విసుక్కున్నారు. సాబియే మాత్రం వారం రోజులు రంగు పెన్సిళ్ళు చెక్కుకుంటూ కూర్చుంది. ఎందుకంటే ఆ గీతల్లో ఆమెకి దేశాలు కనిపించలేదు, మనుషులు కనిపించారు. తమ దేశపు సీసం గీత మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంటే, ఏ మెట్టు దగ్గర నాన్న మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగాడో ఆమెకి తెలుసు. పోర్చుగల్ గీత దగ్గర ఎండకి నల్లబడిన నాన్న ఫోటో ఉంది. స్వీడన్ గీత నెమ్మదిగా పైకి పాకుతోంది. ఎదురింటి ఇసుఫ్ బాబాయి దాన్ని పట్టుకుని మంచులోకి పోయాడు. సెర్బియా రాగి గీత ఒక్కసారిగా ఎగిరింది, ఊరి నుంచి ముగ్గురిని తీసుకుపోయింది. పోలండ్ రాగి గీత బల్లపరుపుగా ఉంటుంది. వాళ్ళ గనులకి వాళ్ళ మనుషులే సరిపోతారు, మనవాళ్ళు ఎవరూ అటు పోలేదు. ఐర్లండ్ జింకు గీత మాత్రం కొండలా లేచి అవతలి పక్కకి దిగుతోంది. నాన్న ఎక్కేసరికే శిఖరం దాటిపోయింది.

ఆ గీత ఇంకా పడిపోతే నాన్న ఇంటికి వస్తాడు కదా అని ఆమెకి అనిపించింది. వెంటనే సిగ్గేసింది. అక్కడా ఎవరో పిల్లలుంటారు. వాళ్ళ నాన్నలు ఎక్కడికి పోవాలి?

పంతులమ్మ "చక్కగా గీశావు" అని రాసి ఆ కాగితాన్ని గోడకి అంటించింది. సాబియే చూసిందేమిటో ఎవరికీ చెప్పలేదు.

కంపెనీ వేసిన మొదటి రెండు బోర్లలో ఏమీ పడలేదు. మూడోదే ఆఖరిదన్నారు. జూలై చివర్లో ల్యాబు నుంచి కాగితం వచ్చింది. నూట ఎనభై ఏడో మీటరు, నూట ఎనభై ఎనిమిదో మీటరు, రెండూ సీసం జింకులతో కిక్కిరిసి ఉన్నాయి. రెండు మీటర్ల మందం. ఇప్పటి యంత్రాలు సందులో పట్టాలంటే సరిగ్గా అంతే కావాలి. అంతకు తక్కువైతే ఎంత మంచి రాయైనా కొండలోనే వదిలేస్తారు.

ఆ సాయంత్రానికి ఊరంతా ఆ రెండు నంబర్లే. రొట్టెల కొట్టు ముందు పాత మేస్త్రీ యుమేర్ తాత బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే ఆడవాళ్ళందరికీ చెబుతున్నాడు.

"ఇక ఆ స్వీడన్ వాళ్ళే మన దగ్గరికి వస్తారు పనికి. వస్తే రానీ. నా లాంతరు మోయడానికి ఒకణ్ణి పెట్టుకుంటాను."

"నీ లాంతరు కాదు తాతా, ముందు నీ పళ్ళసెట్టు మొయ్యాలి వాడు," అంది కొట్టావిడ.

"పళ్ళదేముందమ్మా. రాయిని నమలాలా ఏంటి? కొడితే చాలు."

కంపెనీ పనివాళ్ళ పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది. పాత సొరంగంలో నిండిన నీళ్ళు తోడాలి, కుళ్ళిన దూలాలు మార్చాలి, లోపలి దారులు తెలిసిన మనుషులు కావాలి. నలభై పేర్లలో మొదటి పేరు సెఫెర్‌ది. జాబితా పండగనాడు చదువుతామన్నారు. ఆగస్టు పద్దెనిమిది గని పనివాళ్ళ పండగ. గని మూతబడ్డ పదకొండేళ్ళలో కూడా ఊరు దాన్ని మానలేదు. పాదిరీ, గనివాళ్ళని కాచే సెయింట్ ఇవాన్ ప్రతిమ ముందు ప్రార్థన చదువుతుంటే టోపీలు తీసి నిలబడేవాళ్ళలో సగం మంది శుక్రవారం మసీదుకి పోయేవాళ్ళే. గని లోపల దేవుళ్ళ మధ్య తగవు పెట్టుకున్నవాడు బయటికి రాడని యుమేర్ తాత అంటాడు.

పండగకి ముందు రోజు, శనివారం, ఇంజనీరు కలీనా రాజధాని సోఫియా నుంచి అత్తకి ఫోన్ చేసింది. రేపు పొద్దున వస్తున్నానంది. నలభై ఏడో పెట్టె బయటికి తీసి కడిగి ఉంచమంది. ఆ రెండు మీటర్లూ జనానికి చూపించాలట.

అత్త పండగకి బంగాళాదుంపల రొట్టె కాల్చాలని ఇంటికి పోయింది. సాబియే ఒక్కతే నిచ్చెన వేసుకుని, పైనున్న పెట్టెలు దించి, నలభై ఏడోదాన్ని బల్ల మీదికి లాక్కొచ్చింది. మూత తీసింది.

నూట ఎనభై అయిదో గాడిలో సగం కడ్డీ ఉంది. ఆరో గాడిలో సగం కడ్డీ ఉంది. ఏడో గాడి ఖాళీ. ఎనిమిదో గాడిలో కడ్డీ నిండుగా, గుండ్రంగా, రంపం ముట్టకుండా ఉంది.

ఆమెకి మొదట అర్థం కాలేదు. గొట్టంతో నీళ్ళు పోసింది. తడిస్తేనే రాయి నిజం చెబుతుంది. ఎనిమిదో మీటరు తడిసి బూడిదరంగుగా నిగనిగలాడింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా వట్టి బండరాయి. ఒక్క మెరుపు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ పెట్టె కోసిన రోజు అత్త ఆఖరి రెండు మీటర్లు కోయాల్సింది, ఒకటి కోయగానే కరెంటు పోయింది. ఏడో మీటరు రెండు చీలికలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి అత్త నీళ్ళ గొట్టం చూడటానికి బయటికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే నాన్న ఫోన్ చేశాడు. పని మధ్యలో ఆయన ఎప్పుడూ చెయ్యడు. ఆ రోజు భూమి లోపల ఏదో యంత్రం చెడిపోయి వాళ్ళని తొందరగా పైకి పంపేశారట. సాబియే షెడ్డు వెనక్కి వెళ్ళి ఇరవై నిమిషాలు మాట్లాడింది. అంటే ఆయన మాట్లాడాడు, ఈమె విన్నది. తిరిగొచ్చాక బల్ల మీద రెండు వరుసలు కనిపించాయి. గాడిలో పెట్టాల్సినవి ముందే పెట్టేశాననే, ఇవి రెండు మీటర్లవీ సంచిలోకి పోయే చీలికలనే అనుకుంది. మొదటి వరుస సంచిలో వేసి 187 అని రాసింది. రెండోది సంచిలో వేసి 188 అని రాసింది. కరెంటొచ్చాక అత్త కట్టి ఉన్న రెండు సంచులూ చూసి, పెట్టెలోకి తొంగి కూడా చూడకుండా మూత బిగించి, కొత్త పెట్టె అందుకుంది.

ఒకే మీటరు రెండుసార్లు ల్యాబుకి పోయింది. కొండలో ఉన్నది ఒక్క మీటరే.

సాబియే పెట్టె పక్కన కూలబడింది. షెడ్డులో శబ్దం ఏదీ లేదు, గొట్టం చివర నుంచి నీటి బొట్లు తప్ప.

ఇంటికి వెళ్ళేసరికి అత్త చేతులనిండా పిండి. సాబియే గుమ్మంలోనే నిలబడి చెప్పింది. ఒకే ఊపిరిలో, నేల చూస్తూ. అత్త బంగాళాదుంపలు తురమడం ఆపలేదు.

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"అయితే ఎవరూ చూడలేదు."

"అత్తా, రేపు కలీనా గారు పెట్టె తెరుస్తారు."

"ఖాళీ గాడి చూసి అడిగితే ల్యాబు వాళ్ళు రెండు ముక్కలూ తీసుకెళ్ళారని చెప్తాను. ఎనిమిదోదాన్ని ఇప్పుడే పోయి వాగులోకి దొర్లిస్తే ఆ గాడీ ఖాళీయే, దానికీ అదే మాట. రాయిని వాగులో పడేస్తే నేరమా?"

"కానీ అది వట్టి రాయి కదా."

"ఇంకో పది బోర్లు వేస్తారే. అందులో తేలుతుంది, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఈలోగా నలభై ఇళ్ళలో పొయ్యి మీద నాలుగు గిన్నెలుంటాయి. నీ తండ్రి ఆర్నెల్లో ఏడాదో ఇంట్లో ఉంటాడు." అత్త తురుము పక్కకి నెట్టింది. అప్పుడు గొంతు మారింది. "నాకూ తమ్ముడే వాడు. తలుపు దగ్గర వాడి బూట్లు చూసి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసా?"

సాబియేకి తెలుసు.

ఎండ ఇంకా దిగకముందే నాన్న ఫోన్ చేశాడు. వెనకాల ఎవరో నవ్వుతున్నారు, గిన్నెలు మోగుతున్నాయి.

"ఏం చేస్తున్నావే నా బంగారు పిచ్చుకా?"

"ఏం లేదు నాన్నా."

"నేను మేస్త్రీకి చెప్పేశాను. పని మానేస్తున్నానని సోమవారం పొద్దున కాగితం మీద సంతకం పెడతాను. వీడు మంచివాడే, ఉండమన్నాడు, ఇంకో రెండేళ్ళకి ఒప్పందం రాస్తానన్నాడు. నేనన్నాను, అయ్యా, మా కొండ నన్ను పిలిచింది, నీ కొండకి చెవుడు అని."

అక్కడి నవ్వులు పెద్దవయ్యాయి. సాబియే ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"అద్దె గది కూడా వదిలేస్తున్నాను. వచ్చాక నిన్ను పాత సొరంగం వాకిలి దాకా తీసుకెళ్తాను. లోపలికి కాదులే. వాకిట్లో నిలబడితే వేసవిలో కూడా చల్లగాలి మొహానికి కొడుతుంది. అలాంటి గాలి ఐర్లండ్‌లో లేదు."

"నాన్నా."

"చెప్పమ్మా."

"అక్కడ వానా?"

"ఇక్కడ వాన కానిదెప్పుడే," అన్నాడాయన. ఫోన్ పెట్టేశాడు.

ఆమెకి అప్పుడు ఒకటి స్పష్టమైంది. అత్త చెప్పినట్టు చేస్తే నాన్న వస్తాడు. తప్పకుండా వస్తాడు. బూట్లు గుమ్మంలో విప్పుతాడు. సొరంగంలో నీళ్ళు తోడుతుంటాడు. ఏదో ఒక రోజు కంపెనీ పదో బోరు దగ్గర ఆగి, సామాను సర్దుకుని, ఇంకో దేశపు గీత వెంట పోతుంది. అప్పటికి ఐర్లండ్ మేస్త్రీ ఆయన చోట ఇంకొకరిని పెట్టుకుంటాడు. యాభై దాటిన మనిషిని స్వీడన్ వాళ్ళు తీసుకోరు. ఆయన ఆ బెంచీ మీద, యుమేర్ తాత పక్కన కూర్చుంటాడు. ఆయన ఎప్పటికీ తెలుసుకోలేడు, తాను నమ్మి వచ్చింది తన కూతురు రాసిన ఒక తప్పు చీటీని అని.

ఆయన వస్తే బాగుండునన్న కోరిక మాత్రం తగ్గలేదు. అదే ఆమెని భయపెట్టింది.

ఆదివారం పొద్దున ఆమె అత్త కంటే ముందు లేచి షెడ్డుకి పోయింది. ఎనిమిదో మీటరు ఇంకా గాడిలోనే, గుండ్రంగానే ఉంది. పెట్టెని బల్ల మధ్యకి జరిపింది. మూత తీసి పక్కన పెట్టింది. ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంది, అవి పెదవుల దాకా వచ్చి చెదిరిపోయాయి. మళ్ళీ కూర్చుకుంది. కింద ఊళ్ళో బాకాలు సరిచూసుకుంటున్నారు. కాలుతున్న గొర్రె మాంసం వాసన కొండెక్కి వచ్చింది.

ఇంజనీరు కలీనా తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో పూలగుత్తితో వచ్చింది. వెనకే ఎగశ్వాసతో అత్త వచ్చింది.

"బాగా కడిగావా సాబియే? ఎండలో పెడదాం, జనం కళ్ళు చెదరాలి," అంటూ దగ్గరికొచ్చింది కలీనా.

అత్త మొదలుపెట్టింది. "ఇంజనీరు గారూ, ల్యాబు వాళ్ళు ఏడోదాన్ని రెండు ముక్కలూ..."

సాబియే గొట్టం తీసుకుంది. ముందు ఖాళీ గాడి మీద నీళ్ళు పోసింది. తరవాత నిండు కడ్డీ మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, నెమ్మదిగా పోసింది. నీళ్ళు బల్ల అంచు నుంచి కలీనా కొత్త చెప్పుల మీద పడ్డాయి. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. కడ్డీని చూస్తూ ఉండిపోయింది. వంగి వేలితో తడిమింది. ఖాళీ గాడి చూసింది. ఆ తరవాత అమ్మాయి మొహం చూసింది.

"రెండు సంచులూ ఏడోదేనా?"

సాబియే తలూపింది. ఈసారి తలూపడం చాలదనిపించింది. "నేనే కట్టాను," అంది. "ముందు గాడి అని మీరు చెప్పారు. నేను ముందు సంచి కట్టాను."

అత్త తల గుడ్డ ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న."

"నిన్ననే ఫోన్ చేసి ఉండొచ్చు కదా," అంది కలీనా. కోపంగా కాదు, అలసటగా. పూలగుత్తి రంపం మీద పెట్టింది. "రేపు ఈ మీటరు కోసి పంపండి. పద్ధతి ప్రకారం కాగితం రావాలి. కాగితంలో ఏముంటుందో నాకు ఇప్పుడే కనిపిస్తోంది." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "చూడమ్మా, నేను ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. తప్పు దాచడానికి ఇలాంటి పెట్టెలు వాగులో పడేయడం కూడా చూశాను. నువ్వు చేసింది తేలిక కాదు. కానీ కింద వాళ్ళకి అది చెప్పి లాభం లేదు."

ఆమె వెళ్ళాక అత్త సాబియే వైపు చూడకుండా అంది. "వాడికి నువ్వే చెప్పు. నా నోటితో చెప్పించకు."

షెడ్డు వెనక, ఆ రోజు నిలబడిన చోటే నిలబడి సాబియే ఫోన్ చేసింది. జీవితంలో ఆమె తనంతట తాను ఎవరికైనా ఫోన్ చేసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాన్న గొంతులో ఇంకా నిద్ర ఉంది. ఆదివారం కదా.

"నాన్నా, సోమవారం సంతకం పెట్టకు."

"ఏమైందే?"

చెప్పింది. కరెంటు పోవడం, రెండు వరుసలు, రెండు చీటీలు, అన్నీ. ఆయన ఫోన్ వల్లే పని మరిచానని మాత్రం చెప్పలేదు. అవతల ఊపిరి వినిపిస్తోంది. కిటికీ అద్దం మీద వాన వినిపిస్తోంది.

"అంటే మీటరేనా?"

"మీటరే నాన్నా."

"మంచి మీటరా?"

"చాలా మంచిది. సంచిలో వేస్తుంటే నా చేతులు మెరిశాయి."

"మేం అర మీటరు కోసం బోర్లా పడుకుని పాక్కుంటూ పోయేవాళ్ళమే," అన్నాడాయన. "మీటరంటే పెళ్ళిపందిరి మాకు." తరవాత అడిగాడు. "నువ్వే చూపించావా? ఎవరూ అడక్కుండానే?"

"ఊఁ."

ఆయన మంచిపని చేశావనలేదు. ఎందుకు చేశావనీ అనలేదు. "మొహం కడుక్కుని వస్తా," అన్నాడు. మళ్ళీ ఫోన్ తీయలేదు. ఆమె కాసేపు చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది.

పండగ జరిగింది. పాదిరీ ప్రార్థన చదివాడు, బాకాలు ఊదారు, మాంసం పంచారు. జాబితా చదవలేదు. కంపెనీ పెద్దమనిషి బదులు కలీనా లేచి, కొలతల్లో ఒక పొరపాటు దొరికింది, మళ్ళీ చూడాలి, అని రెండు ముక్కలు చెప్పి కూర్చుంది. ఎవరి పేరూ ఎత్తలేదు. కానీ చిన్న ఊళ్ళో పేరు ఎత్తనక్కర్లేదు. బీన్స్ చారు గిన్నె పట్టుకుని సాబియే పొడవాటి బల్ల దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయాయి.

"ఇదిగో మన లెక్కల పంతులమ్మ," అంది ఇసుఫ్ భార్య. ఆమె పెనిమిటి పేరు జాబితాలో మూడోది. "కూర్చోమ్మా. జాగ్రత్త, ఒక్క కుర్చీ చూసి రెండనుకునేవు."

ఒకరిద్దరు నవ్వారు. సాబియే నిలబడే ఉంది.

"ఊరుకో పిల్లా," అన్నాడు యుమేర్ తాత, ఇసుఫ్ భార్యతో. ఆ తరవాత తనకి చోటు చూపిస్తాడేమోనని సాబియే అనుకుంది. ఆయన చూపించలేదు. తన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. పళ్ళసెట్టు గురించి ఎవరూ ఏమీ అనలేదు. సాబియే గిన్నె తీసుకుని ఫౌంటెను మెట్ల మీద ఒక్కతే కూర్చుని తింది. చారు చల్లారిపోయింది. దాన్ని మొత్తం తింది, పారబోస్తే అందరూ చూస్తారని.

సోమవారం అత్త తలనొప్పి అని పడుకుంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

సాబియే షెడ్డు తాళం తీసింది. ఎప్పుడూ రంపం పట్టని మనిషి, కానీ రెండు నెలలు పక్కన నిలబడి చూసింది. తోలు తొడుగులు వేసుకుంది. నీళ్ళు తిప్పింది. మీట నొక్కింది. నూట ఎనభై ఎనిమిదో మీటరు మొదటి ముక్కని చక్రం దగ్గరికి నెట్టింది. రంపం రాయిలోకి దిగుతుంటే బూడిదరంగు బురద ముంజేతుల మీదుగా కారింది. ముక్క రెండుగా విడిపోయింది. రెండు ముఖాలూ వెలుతురుకి పట్టి చూసింది. లోపల కూడా బండే.

ఎడమ చీలిక గాడిలో పెట్టింది. కుడి చీలిక బల్ల మీద పెట్టింది. తరవాతి ముక్క అందుకుంది.

సగం అయ్యేసరికి జేబులో ఫోన్ కదిలింది. రంపం ఆపింది, తొడుగు పళ్ళతో లాగింది.

"పనిలో ఉన్నావా?" అన్నాడు నాన్న.

"కోస్తున్నాను నాన్నా."

"నువ్వా? శెఫికా ఏది?"

"తలనొప్పి."

"ఓహో." ఆయనకి అర్థమైంది. "ముక్కని గట్టిగా నెట్టకు. రంపమే తింటుంది దాని వేగంతో. వేళ్ళు మడిచి ఉంచు."

"సరే."

"రెండేళ్ళకి సంతకం పెట్టాను," అన్నాడు. "గది కూడా మళ్ళీ ఇచ్చారు. ఇంకొకడికి చూపించారట గానీ, వాడికి నచ్చలేదు."

"మంచిది నాన్నా."

"రెండేళ్ళంటే... నీ చదువు అయిపోతుంది."

"అవుతుంది."

అవతల ఎవరో ఆయన్ని పిలిచారు, ఆ భాషలో ఆయన పేరు వేరేగా పలుకుతారు. లోపలికి దిగే వేళ అయిందన్నాడు. ఈమె సరేనంది. ఇద్దరూ ఇంకో క్షణం ఆగారు, ఎవరైనా ఇంకేమైనా అంటారేమోనని.

ఫోన్ జేబులో పెట్టి, తొడుగు వేసుకుని, ఆమె మళ్ళీ మీట నొక్కింది. ఇంకా అర మీటరు కోయాల్సి ఉంది.